కావేరిని పాడిన తెలుగు

ఐస్లాండ్ కవి స్టెయిన్ స్టెయినార్ 1948లో ‘కాలం, నీరు’ అనే కవితామాలను ప్రచురించారు. ఆ దేశపు స్వరకర్త అట్లి హేమిర్ స్వేన్సన్ దానికి గాయకులు, బృందగానం, వాద్యబృందంతో సంగీతం కూర్చారు.

నీటిని పాడిన గొప్ప కృతి మన తెలుగులోనూ ఉంది. కావేరి ఒడ్డున తిరువయ్యారులో జీవించిన త్యాగరాజు (1767–1847) రచించిన ‘సారి వెడలిన’ అది. అసావేరి రాగం, ఆది తాళం. నది ఒకచోట వేగంగా పరుగెడుతుంది, ఒకచోట భయంకరంగా ఘోషిస్తుంది, మరొకచోట నిండు దయతో నడుస్తుంది. కోకిలలు కూస్తుండగా శ్రీరంగనాథుణ్ణి దర్శించి, తిరువయ్యారు పంచనదీశ్వరుణ్ణి చూడడానికి సాగిపోతుంది.

ఎనిమిది అక్షరాల తాళం ఆవర్తనం వెంట ఆవర్తనంగా కాలాన్ని కొలుస్తుంటే, రాగం దానిమీద ప్రవహిస్తుంది. తమిళసీమ నదికి తెలుగు మాటల్లో ఇంత నిండైన రూపం దక్కడం మన భాషకు గౌరవం.

హైదరాబాద్‌లోని రామంతాపూర్, తార్నాక శ్రోతలారా! విశ్వవిద్యాలయ విద్యార్థులారా! ఈ కృతిని శ్రద్ధగా వినండి. నీటిని దేవతగా పాడిన భాష మనది. మన రామంతాపూర్ చెరువులో చెత్త పడకుండా చూసుకోవడం కూడా మన బాధ్యతే.