ఎక్కడో బీరుట్‌లో పేలితే మనకేం సంబంధం?

ఈ రోజు టాపిక్ కొంచెం సీరియస్. టర్కీలో భూకంపం, లిబియాలో వరద, ఇంకెక్కడో బాంబులు... ఫోన్‌లో ఇలాంటివి రోజూ వస్తుంటాయి. రెండు సెకన్లు చూస్తాం, "అయ్యో" అనుకుంటాం, బొటనవేలు పైకి జరుపుతాం. అది తప్పని నేను అనను. ప్రపంచంలో జరిగే ప్రతిదానికీ ఏడుస్తూ కూర్చుంటే ఎవరూ బతకలేరు. కానీ ఒక్కోసారి ఒక దేశం పేరు దగ్గర వేలు ఆగిపోతుంది. నాకు ఆ పేరు లెబనాన్.

నేను వెళ్లలేదు, చూడలేదు. సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే రోజుల్లో మా టీమ్‌లో టెస్టింగ్ చూసే ఒకావిడ బీరుట్ నుంచి పనిచేసేది. కాల్‌లోకి రాగానే "హాయ్, కీఫక్, సా వా?" అనేది. ఒకే పలకరింపులో ఇంగ్లీష్, అరబిక్, ఫ్రెంచ్! మాటల మధ్యలో టక్కున కట్ అయ్యేది. అక్కడ కరెంట్ పోతే వీధికో ప్రైవేట్ జనరేటర్ ఉంటుంది, నెలనెలా డబ్బు కట్టాలి, దాన్ని ఇష్తిరాక్ అంటారు. "ఇష్తిరాక్ వచ్చింది, చెప్పండి" అంటూ మళ్లీ జాయిన్ అయ్యేది. ఇన్వర్టర్ బీప్ వింటూ పెరిగినవాణ్ని, నాకు వెంటనే మనింటి మనిషిలా అనిపించింది.

ఇంకో విషయం. ఆవిడ అరబిక్‌లో మాట్లాడుతుంటే నాకు కొన్ని మాటలు తెలిసినట్టే ఉండేవి. తారీఖు, హాజరు, ఖాళీ, వకీలు, జవాబు. ఇవన్నీ అరబిక్‌లో పుట్టి, పారసీ, ఉర్దూ మీదుగా మన తెలుగులోకి వచ్చినవే.

2020 మే 7. తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ గ్యాస్ లీకైంది. 12 మంది చనిపోయారు. ఆ రోజు నా ఫోన్‌కి వచ్చిన మొదటి మెసేజ్‌లలో ఒకటి బీరుట్ నుంచి. "మీ వాళ్లందరూ క్షేమమేనా?" అని. నేనుండేది హైదరాబాద్‌లో, వైజాగ్ అక్కడికి 600 కిలోమీటర్లు. ఆవిడ మ్యాప్‌లో అవి పక్కపక్కనే.

మూడు నెలలు కూడా కాలేదు. ఆగస్టు 4, మన టైమ్ రాత్రి 8:38. బీరుట్ పోర్టు పేలింది. ఆ వీడియో మీరందరూ చూసే ఉంటారు. ముందు పొగ, తర్వాత తెల్లటి గుమ్మటంలా లేచి ఊరంతా కమ్మేసింది. 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న సైప్రస్‌లో కూడా ఆ శబ్దం వినబడింది. ఆవిడ ఇల్లు పోర్టుకి దగ్గరే, అష్రఫీయేలో. మెసేజ్ పెట్టాను. ఒక్క టిక్. తెల్లారేదాకా ఒక్క టిక్కే. మర్నాడు మధ్యాహ్నం రిప్లై వచ్చింది: "బతికే ఉన్నాం. ఇంట్లో అద్దం అనేదే మిగల్లేదు."

200 మందికి పైగా చనిపోయారు. వేలమంది గాయపడ్డారు. దాదాపు 3 లక్షల మందికి ఉండటానికి ఇల్లు లేకుండా పోయింది. మొదట చిన్న మంట అనుకుని ఆర్పడానికి వెళ్లిన ఫైర్ బ్రిగేడ్ టీమ్‌లో 10 మందీ తిరిగి రాలేదు.

ఇప్పుడు అసలు పాయింట్. ఇది యుద్ధం కాదు, బాంబు కాదు. 2013లో రోసుస్ అనే పాత ఓడ జార్జియా నుంచి మొజాంబిక్‌కి 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ తీసుకెళ్తూ బీరుట్‌లో ఆగింది. ఇక కదల్లేదు. 2014లో సరుకు దింపి 12వ నంబర్ గోడౌన్‌లో పెట్టారు. ఇక్కడ ఉంచడం ప్రమాదం, తీయించండి అని కస్టమ్స్ వాళ్లు కోర్టుకి ఒకటికి నాలుగుసార్లు రాశారు. ఫైల్ తిరిగింది, సరుకు మాత్రం ఊరి మధ్యలో అక్కడే ఉండిపోయింది. ఆరేళ్లు!

ఈ సీన్ మనకి కొత్త అనిపిస్తోందా? బీరుట్ పేలిన ఆ వారంలోనే చెన్నై దగ్గర మనలిలో ఏం బయటపడిందో తెలుసా? 2015లో కస్టమ్స్ సీజ్ చేసిన అదే అమ్మోనియం నైట్రేట్, 37 కంటైనర్లు, దాదాపు 700 టన్నులు. ఐదేళ్లుగా గోడౌన్‌లోనే ఉంది. అప్పుడు ఆగమేఘాల మీద కదిలారు. వేలంలో కొన్నది హైదరాబాద్ కంపెనీ, అందుకే ఆ కంటైనర్లు మనవైపే బయల్దేరాయి. అంటే ఎక్కడో బీరుట్‌లో చనిపోయినవాళ్ల వల్ల చెన్నైలో ఒక ప్రమాదం తప్పి ఉండొచ్చు. సంబంధం లేదని ఎలా అంటాం?

"మన దగ్గర సమస్యలు చాలవా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నా మాట ఏంటంటే, అక్కడిదీ ఇక్కడిదీ వేర్వేరు సమస్యలు కాదు. వైజాగ్‌లో అయినా, బీరుట్‌లో అయినా ప్రమాదకరమైన సరుకు పక్కన నిద్రపోయినవాళ్లకి అది అక్కడ ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు. దూరంగా ఉన్న బాధని సరిగ్గా చదివితే మన పక్క వీధిలో ఏముందో కనిపిస్తుంది.

లెబనాన్‌లో ఆ కేసు ఇంకా లాగుతూనే ఉంది. మొదటి జడ్జిని తప్పించారు. రెండో జడ్జి దర్యాప్తు ఆగుతూ, మొదలవుతూ సాగింది. ఐదేళ్లు నిండిన 2025 ఆగస్టు నాటికి కూడా ఒక్క పెద్ద అధికారికీ శిక్ష పడలేదు. పోయినవాళ్ల ఫొటోలు పట్టుకుని కుటుంబాలు రోడ్డు మీదకి వస్తూనే ఉన్నాయి. వాళ్లు అడుగుతున్నది అక్కడా ఇక్కడా ఒకే మాట: జవాబు.

మీరు చేయగలిగినవి రెండు. మీ ఏరియాలో ఫ్యాక్టరీ గానీ, పెద్ద గోడౌన్ గానీ ఉంటే అందులో ఏం నిల్వ చేస్తున్నారో అడగండి. సమాచార హక్కు చట్టం ఉన్నది అందుకే. రెండోది, ఏదైనా దేశం పేరు వార్తల్లో వచ్చినప్పుడు, అక్కడ మీకు తెలిసినవాళ్లు ఒక్కరున్నా సరే, "క్షేమమేనా?" అని ఒక మెసేజ్ పెట్టండి. దానివల్ల ఏమీ మారదు అనుకోకండి. మే 7న నాకొచ్చిన ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లోనే ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త.