వేలంపాటా, ఉద్దులా?
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని ఆజ్ఞాపించారు. మేము ఆటగాళ్ళం కాము. గట్టుమీద కూర్చుని కేకలు వేసే జాతి. ఆడేవాళ్ళకంటె మాకే ఆట బాగా తెలుసునని మా నమ్మకం. ఆ నమ్మకం లేని ప్రేక్షకుడు లోకంలో యెక్కడా వుండడు.

అయితే యీసారి మాట్లాడక తప్పని పని వచ్చిపడింది. మన తొరపాడి పిల్లల ఆటలకు జట్లు కట్టడానికి వేలంపాట పెడదామని మన కుర్రవాళ్ళు కొందరు ప్రతిపాదన తెచ్చారు. ఒక్కొక్క నాయకుడికి వెయ్యి మార్కులు యిస్తారట. పిల్లవాణ్ణి బల్లమీద నిలబెట్టి పాట పాడతారట. టీవీలో చూసినట్లే సుత్తి కూడా కొడతారట. సరదాగానే వుంటుంది, కాదనము. కాని పాట ముగిసేసరికి ఒక్క మార్కూ పలకని పిల్లవాడు మిగులుతాడు గదా, వాణ్ణి యేమందాము? టీవీవాళ్ళ దగ్గర దానికి మాట సిద్ధంగా వున్నది. 'అమ్ముడుపోలేదు' అంటారు. ఆ మాటను తొమ్మిదేళ్ళ పిల్లవాడు యింటికి మోసుకుపోయి వాళ్ళమ్మతో చెప్పాలి. మా పేచీ అంతా యిక్కడే.

జట్లు కట్టడమనే చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అని ఒక ఆట ఆడుతారు. పేరులో పాదం వున్నా, బంతిని చేత పట్టుకుని పరుగెత్తడమే అందులో యెక్కువ. అక్కడ డబ్బున్న జట్లే మంచి ఆటగాళ్ళందరినీ యెగరేసుకుపోతూ వుంటే, ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్ ఒక ఉపాయం చెప్పాడు: కళాశాలల నుంచి వచ్చే కుర్రవాళ్ళ జాబితా వేసి, కిందటి యేడు అందరికంటె అడుగున వున్న జట్టును ముందు యెంచుకోనిద్దాము, గెలిచినవాడు కడపట యెంచుకుంటాడు అని. దానినే డ్రాఫ్టు అంటారు. 1936లో మొదటిసారి జరిపారు. ఆ యేటికి అడుగున వున్న జట్టు యెవరిదో చెప్పమంటారా? బెల్ గారిదే! అయినా ఉపాయం మంచిదే కాబట్టి నిలిచింది. ఆయన మొట్టమొదట యెంచుకున్న జే బెర్వాంగర్ మాత్రం, జీతం బేరం కుదరక, వృత్తి ఆటగాడుగా ఒక్క పోటీ కూడా ఆడలేదు. అదే డ్రాఫ్టులో 2000వ సంవత్సరాన 199వ వాడుగా, పోనీలే అన్నట్లు తీసుకున్న టామ్ బ్రాడీ తరువాత యేడుసార్లు మహాపోటీ గెలిచిన జట్లలో వున్నాడు. యెంచేవాళ్ళ కళ్ళు యెంత చూస్తాయో మీరే ఆలోచించండి.

దానిలోనూ లొసుగు వున్నది. ఓడితే మంచివాడు దొరుకుతాడని తెలిశాక, కావాలనే ఓడే జట్లు పుట్టుకొస్తాయి. బాస్కెట్‌బాల్‌వాళ్ళు యీ బెడద పడలేక 1985 నుంచి చీట్లు తీస్తున్నారు.

మన దేశంలో అసలు ఫుట్‌బాల్‌కు కూడా డ్రాఫ్టు వచ్చింది. 2017లో ముంబైలో జరిగిన దానిలో, కొత్తగా చేరిన జంషెడ్‌పూరు జట్టు మొదట కేరళ ఆటగాడు అనస్ ఎడతొడికను యెంచుకున్నది. ఆయన వెల 1 కోటి 10 లక్షలు. వెల ముందే కట్టి పెట్టారు గనుక పాట లేదు. మాకు ఆ మేరకు నచ్చింది. కాని ఆ రోజు అక్కడ హైదరాబాదు పేరుతో జట్టే లేదు! 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మన దేశం నాలుగో స్థానంలో నిలిచినప్పుడు, శిక్షకుడు హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం. జట్టులో అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం హైదరాబాదు, సికిందరాబాదుల వాళ్ళు. బలరాం పుట్టింది సికిందరాబాదులో ఒక తమిళ కుటుంబంలో. మనం యిక్కడ యెలాగో, వాళ్ళు అక్కడ అలాగ. హైదరాబాదుకు లీగు జట్టు 2019లో గాని రాలేదు. 2022లో విజేత అయింది. 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకున్నది. వూరు వూరుకున్నది. మేము మాత్రం వూరుకోలేక మీతో చెప్పుకుంటున్నాము.

యిక కబడ్డీ. యిది మన యిళ్ళలో తగవు పెట్టిన ఆట. తాతగారు తెలుగు టైటాన్స్ అంటారు, మనమడు తమిళ తలైవాస్ అంటాడు, పవన్ సెహ్రావత్ మాత్రం ఢిల్లీవాడు! 2022 వేలంలో తలైవాస్‌వాళ్ళు ఆయన్ను 2 కోట్ల 26 లక్షలకు పాడుకున్నారు. మొదటి పోటీలోనే మోకాలు దెబ్బతిని కూర్చున్నాడు. ఆయన లేకుండానే ఆ జట్టు సెమీఫైనలుదాకా వెళ్ళింది. మరుసటి యేడు, 2023లో, మన టైటాన్స్‌వాళ్ళు 2 కోట్ల 60 లక్షల 50 వేలు పోసి ఆయన్ను తెచ్చుకున్నారు. జట్టు మొత్తానికి వున్న సొమ్ము 5 కోట్లు. సగానికి పైగా ఒక్కడికే పోతే, తక్కినవాళ్ళను యేమి పెట్టి తెస్తారు? ఆయన తన పని తాను చేశాడు. జట్టు మాత్రం అట్టడుగున తేలింది. 2025లో మళ్ళీ ఆయనే తలైవాస్‌కు 59 లక్షల 50 వేలకు! మూడేళ్ళలో మనిషి విలువ యింత పడిపోయిందా? మనిషి అలాగే వున్నాడు, పాటగాళ్ళ వుబలాటం పడిపోయింది. దీనిని మన పిల్లలకు నేర్పిద్దామంటున్నారు!

మాకు తెలిసిన ఆటలలో వెల కట్టడానికి వీలులేనిది బరువులెత్తడం. పక్కనున్న సత్తువాచ్చారి సతీష్ శివలింగం 2014లో గ్లాస్గోలో, 2018లో గోల్డ్‌కోస్టులో కామన్‌వెల్త్ బంగారు పతకం తెచ్చాడు. రెండో పతకం తెచ్చిన రోజునే, అదే చోట, మన స్టూవర్టుపురం కుర్రవాడు రాగాల వెంకట రాహుల్ మరొక బంగారు పతకం యెత్తుకున్నాడు. రాయవేలూరువాడు 317 కిలోలు, స్టూవర్టుపురంవాడు 338 కిలోలు. ఆ రోజు మనకు తమిళమా తెలుగా అని తేల్చుకోవలసిన అగత్యం లేకపోయింది. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడేదాకా చిత్తూరు, రాయవేలూరు ఒకే ఉత్తరార్కాటు గదా!

బరువులకు జట్లు అక్కరలేదు, కబడ్డీకి కావాలి. మరి యెలా కట్టాలి? మన వూళ్ళలో యేనాడో తేల్చిన సంగతి యిది. ఉద్దులు. పెద్దవాళ్ళకు జ్ఞాపకమే. పిల్లల కోసం చెబుతున్నాము. ఇద్దరు నాయకులు ఒకచోట నిలబడతారు. తక్కినవాళ్ళలో బలంలో, పరుగులో సమానమైన యిద్దరిద్దరు జతపడతారు. ఆ జతగాడే ఉద్ది. ఇద్దరూ భుజాలమీద చేతులు వేసుకుని అవతలికి పోయి రహస్యంగా పేర్లు పెట్టుకుని వస్తారు. "సన్నజాజి కావాలా, సంపెంగ కావాలా?" అని నాయకుణ్ణి అడుగుతారు. నాయకుడు సంపెంగ అంటాడు. సంపెంగ యెవరో ఆయనకు తెలియదు. ఒకరు యిటు, ఒకరు అటు. తరువాతి జత దగ్గర రెండో నాయకుడిది వంతు. అంతే. కడపట మిగిలినవాడు లేడు, ఎవరికీ వెల లేదు, జట్లు రెండూ సరితూగుతాయి. జతకు దొరకని బుడతడు వున్నాడా, ఆటలో అరటిపండు! వాడు రెండు జట్లలోనూ ఆడతాడు. బెల్ గారికి యీ సంగతి తెలిసివుంటే అంత కష్టపడేవాడు కాదు కాబోలు.

తనకు సమానుడెవరో పిల్లవాడు తానే తేల్చుకోవాలి, యిందులో మాకు యెక్కువ నచ్చేది అదే. మరీ గొప్పవాడి పక్కన నిలబడితే నలుగురూ నవ్వుతారు, మరీ చిన్నవాడి పక్కన నిలబడితే తనకే చిన్నతనం.

మరొక లాభం వున్నది. మన పిల్లలు బడిలో తమిళం, వీధిలో తమిళం, ఫోనులో ఇంగ్లీషు. వాళ్ళకు తెలుగు మాటలు యెన్ని వచ్చునని యింట్లో అమ్మలు బాధపడుతున్నారు. ఉద్దుల పేర్లు తెలుగులోనే పెట్టుకోవాలని ఒక్క నియమం పెట్టండి. చిలుకా గోరింకా, కందిపప్పా పెసరపప్పా, గునపమా గడ్డపారా అని వెదుక్కుంటూ అమ్మమ్మల దగ్గరికి వాళ్ళే పరుగెత్తుతారు. గునపమూ గడ్డపారా ఒకటే గదా అని ఒక తాతగారు అక్కడ నవ్వుతున్నారు. ఆ తగవు కూడా పిల్లలకే వదిలేద్దాము.

కాబట్టి వేలంపాట ప్రతిపాదన తెచ్చిన కుర్రవాళ్ళకు మా మనవి: మీరే నాయకులుగా నిలబడండి, సుత్తి మాత్రం వడ్రంగికి తిరిగి యిచ్చివేయండి. వచ్చే ఆదివారం వుదయం ఆరున్నరకు, రాయవేలూరు యెండ నెత్తి కెక్కకముందే మొదలుపెడదాము. యిరుగుపొరుగు తమిళ పిల్లలనూ పిలుచుకు రండి, పేర్లు వాళ్ళకు మన పిల్లలు చెబుతారు. మంచినీళ్ళ కుండలు మేము తెస్తాము.