మా మేనత్త

మా మేనత్త బ్యాంకులో ఉద్యోగం చేసినదంటే ఎవరూ ఆశ్చర్యపడరు. తెల్లవారుజామున లేచి కొట్టంలో పేడ తీసి, గిత్తలకు జొన్నచొప్ప వేసి, కుడితి పెట్టి, ఆ పిమ్మట స్నానంచేసి బ్యాంకుకు వెళ్లేదంటే మాత్రం చాలమంది నమ్మరు. 35 ఏళ్లు ఆమె దినచర్య అదే.

1969 జూలై 19న 14 పెద్ద బ్యాంకులు జాతీయమైన తరువాత వాటి శాఖలు పల్లెలకు రాసాగినవి. చదువుకొని ఇంట కూర్చున్న ఆడపిల్లలు కొందరికి ఆ శాఖలలో గుమాస్తా పనులు దొరికినవి. 1973లో మా అత్తయ్య అట్లే చేరినది. వేలిముద్ర వేయవచ్చిన స్త్రీలను కూర్చోబెట్టి సంతకం నేర్పేది. సాయంత్రం లెక్కకు ఒక్క రూపాయి తేడా వచ్చినా అది తేలనిదే ఇల్లు చేరేది కాదు.

ఇక ఒంగోలు జాతి సంగతి ఎత్తితే ఆమెకు వేళ తెలియదు. ఆ తెల్లని మేను, కాటుక దిద్దినట్లున్న కన్నులు, ఎత్తైన మూపురం, మడతలు మడతలుగా జారే గంగడోలు, ఒక్కొక్కటే చూపుతూ చెప్పేది. ఆ పశువులే సముద్రాలు దాటి, నెల్లూరి పేరుమీద ‘నెలోర్’ అయి, బ్రెజిల్ దేశపు మందలలో అధికభాగమైనవి. “అక్కడ మందలట! ఇక్కడ ట్రాక్టరు వచ్చె, కొట్టాలు ఖాళీ ఆయె” అని నిట్టూర్చేది. రేడియోలో నేనొకసారి కోడెదూడను ఎద్దు అన్నానని ఆ రాత్రే ఫోను చేసి, “రెండు పళ్లయినా వేయనిదాన్ని ఎద్దంటారట్రా?” అని మందలించినది.

నేను చెప్పదలచినది 1987 నాటి మాట. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తికి తెల్లదోమ పట్టినది. మందు చల్లినకొద్దీ దోమ పెరిగినదే గాని తగ్గలేదు. దోమను తినే పురుగులను ఆ మందులే ముందు చంపినవని శాస్త్రజ్ఞులు తరువాత చెప్పినారు. పంట పోయినది, మందుల బాకీ మిగిలినది. కొందరు రైతులు ఆ మందే తాగినారు.

మా నాన్న అక్కగారి బ్యాంకుకు వెళ్లినాడు. అప్పటికామె ఆఫీసరు.

“అక్కా, నువ్వు సంతకం పెడితే చాలు.”

“తమ్ముడి కాగితం మీద అక్క సంతకం చెల్లదురా. అయినా నువ్వడిగేది సేద్యానికి కాదు, కొట్టువాడి బాకీకి. పంట పేరు రాసి ఆ డబ్బు ఇయ్యలేను. ఇది మన సొమ్మా? కడుపు కట్టుకొని దాచుకున్నవాళ్లది.”

నాన్న మంచినీళ్లయినా ముట్టక తిరిగివచ్చినాడు. పదిమంది ఎదుట ఆ మాట అనకుండ ఉండవలసినదని నాకు నేటికీ అనిపిస్తుంది. ఆ నెలంతా ఆమె, పంట పోయిన రైతుల బాకీలను వాయిదాలుగా మార్చే కాగితాలు రాత్రి దాక రాసినదట. మా బాకీ దుకాణానిది గనుక అందులో చేరలేదు.

తరువాత కొన్నాళ్లకు నాయనమ్మ చెంగున డబ్బు ముడివేసుకొని వచ్చినది. తన గొలుసు అమ్మినానన్నది. బాకీలో ముప్పాతిక తీరినది. నాన్న పురుగు మందు డబ్బా వంక చూస్తూ కూర్చోవడం ఆనాటితో మానినాడని అమ్మ చెప్పేది.

సంక్రాంతికి నాయనమ్మ పోరు పడలేక అందరం అత్తయ్య ఇంటికి వెళ్లినాం. నాకప్పుడు ఎనిమిదేళ్లు. తిన్నగా కొట్టంలోకి పరుగెత్తినాను. గాడి ఊడ్చి ఉన్నది. పలుపులు రెండూ మేకుకు వేలాడుతున్నవి.

“అత్తయ్యా, గిత్తలేవీ?”

“మేతకు పోయినాయిరా” అన్నది.

నా వెనుకనే వచ్చిన నాన్న ఆ పలుపులను చూచి చాలసేపు నిలబడినాడు. నాయనమ్మ మెడలో గొలుసు మెడలోనే ఉన్నదని అప్పుడు చూచినాడు కాబోలు! ఏమీ అనలేదు. పండుగ పేరిట విస్తరిముందు కూర్చున్నాడే గాని ముద్ద దిగలేదు.

రెండేళ్ల తరువాత ఒక కోడెదూడను కొని, పలుపు పట్టుకొని పదిమైళ్లు నడిపించి, ఆ గాడి దగ్గర కట్టినాడు. అత్తయ్య దాని నోరు తెరచి పళ్లు చూచి, మూపురం నిమిరి, “రసీదు కావాలట్రా, తమ్ముడూ?” అన్నది.

నాన్న నవ్వి, కాళ్లు కడుగుకొని, “ముందు అన్నం పెట్టక్కా” అన్నాడు.