లోడ్ లారీ ఆపగానే ఇంజన్ ఆఫ్ చేస్తున్నారా?

గోరంట్లలో మా మామ లారీకి టర్బో పోయింది. ఆ నెల ఈఎంఐ కట్టలేకపోయాడు. లోడుతో 44వ నంబరు హైవే మీద వచ్చి, పాలసముద్రంలో టీ కోసం ఆపగానే ఇంజన్ ఆఫ్ చేసేయడం ఆయన అలవాటు.

టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతుంది. దాని బేరింగుకి ఇంజన్ ఆయిలే ప్రాణం. ఇంజన్ ఆపితే ఆయిల్ పంపూ ఆగిపోతుంది. ఆ వేడికి లోపల మిగిలిన ఆయిల్ పెనం మీద నూనెలా మాడి గట్టిపడుతుంది. నా బీటెక్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు, మెకానిక్కే చెప్పాడు.

అందుకే మూడు నాలుగు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి. "డీజిల్ దండగ కదరా" అన్నాడు మామ. "కొత్త టర్బో రేటెంత మామా?" అన్నా. ఇప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి, దిగి టైర్లన్నీ తట్టి చూసొచ్చాకే ఇంజన్ ఆపుతున్నాడు.