ఊయలలు లెక్కపెడితేనే బడిలో చోటు

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది ముఖాలు మాకు గుర్తే. మా హాస్టల్లో అన్నం తిని పెరిగినవాళ్ళు ఉన్నారు. పొద్దున్నే లేవలేదని, తలకు నూనె రాసుకోలేదని మా చేత చివాట్లు తిన్నవాళ్ళూ ఉన్నారు. ఈ రోజు చివాట్లు లేవు. మీకు ఒక పని అప్పజెప్పడానికి వచ్చాం.

జూన్‌లో బడులు తెరిచే వారం వార్డెన్లకు నిద్ర ఉండదు. బియ్యం, దుప్పట్లు, ట్రంకుపెట్టెలు ఎలాగో సర్దుకుంటాం. సర్దలేనిది చోటు ఒక్కటే. ఒక ఏడాది ఒక తండ్రి, కూతుర్ని ఆరో తరగతిలో చేర్చడానికి రెండు గెడ్డలు దాటుకుని తీసుకొచ్చాడు. అప్పటికే మంజూరైన సంఖ్య నిండిపోయింది. ఒక్కో మంచం మీద ఇద్దరేసి పడుకుంటున్నారు. "కింద పడుకుంటాదమ్మా, సాప మేమే తెచ్చుకుంటాం" అన్నాడాయన. మేము ఇంకో హాస్టల్‌కి ఉత్తరం రాసిచ్చి పంపాం. అక్కడా చోటు దొరకలేదు. ఆ పిల్ల మళ్ళీ బడి మొహం చూడలేదు. నాలుగేళ్ళ తర్వాత సంతలో కనిపించింది, చంకలో బిడ్డతో. మమ్మల్ని గుర్తుపట్టి నవ్వింది. మాకే నోట మాట రాలేదు.

తప్పు ఎక్కడ జరిగిందని చాలా రోజులు ఆలోచించాం. ఆ పిల్ల ఆ జూన్‌లో ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా! పదకొండేళ్ళుగా ఆ గూడలోనే ఉంది. ఐదేళ్ళు అక్కడి బడిలోనే చదివింది. ఆరో తరగతికి వస్తుందని ముందే తెలుసుకోవచ్చు. కానీ మేము పైకి పంపే లెక్క ఏమిటి? ఈ రోజు హాస్టల్లో ఎంతమంది ఉన్నారన్నదే. ఉన్న పిల్లల్ని లెక్కపెట్టాం గాని రాబోయే పిల్లల్ని లెక్కపెట్టలేదు. ఆ తప్పులో మా వాటా కూడా ఉంది.

ఇప్పుడు ఎక్కడ విన్నా "పిల్లలు తగ్గిపోతున్నారు, బడులు ఖాళీ అవుతున్నాయి" అనే మాటే. రాష్ట్రం మొత్తానికి అది అబద్ధం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు పుట్టే పిల్లల సగటు 1.7. అయితే రాష్ట్ర సగటు మన గూడకు సరిపోతుందా? 2001 నుంచి 2011 వరకు ఉమ్మడి రాష్ట్ర జనాభా సుమారు 11 శాతం పెరిగింది. అదే కాలంలో గిరిజన జనాభా 50.24 లక్షల నుంచి 59.18 లక్షలకు, అంటే దాదాపు 18 శాతం పెరిగింది. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పే జనగణన 2021లో జరగనే లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2011 లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా గిరిజనులు సుమారు 1.66 లక్షలు, విజయనగరం జిల్లా గిరిజనులు సుమారు 2.35 లక్షలు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సాలూరు అన్నీ అందులోకి వెళ్ళాయి. పాత జిల్లా అంకె పట్టుకుని ఈ రోజు ప్రణాళిక వేస్తే ఎవరి పిల్లలు ఎవరి ఖాతాలో పడతారో మీరే ఆలోచించండి. మండలాల వారీగా, గూడల వారీగా మళ్ళీ కూడుకోవాల్సిందే.

అంకెకు అంత విలువ ఉందా అంటారేమో. ఏకలవ్య మోడల్ స్కూళ్ళు చూడండి. 50 శాతానికి మించి గిరిజనులు, కనీసం 20,000 మంది గిరిజన జనాభా ఉన్న బ్లాకుకు ఒకటి చొప్పున పెడతామని కేంద్రం 2018లో ప్రకటించింది. ఒక్కో స్కూల్లో 480 సీట్లు. ఒక అంకెకు ఇటు ఉంటే 480 మందికి చోటు, అటు ఉంటే లేదు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. నలభై ఇళ్ళ గూడలో ఏడాదికి నలుగురు పుడుతున్నారనుకోండి. అలాంటి గూడలు పదిహేను ఒకే బాలికల హాస్టల్ మీద ఆధారపడ్డాయి. ఏటా 60 మంది ఐదో తరగతి దాటుతారు. అందులో సగం ఆడపిల్లలు, 30 మంది. ఆరు నుంచి పది దాకా ఐదు తరగతులు కాబట్టి 150 మంచాలు కావాలి. మంజూరైనవి 100 అయితే మిగిలిన 50 మంది ఎక్కడికి పోవాలి? గూడకు ఏడాదికి ఒక్క బిడ్డ అదనంగా పుట్టినా మరో 37 మంచాల దాకా కావాలి. ఇందులో మనకు మేలు చేసే సంగతి ఒకటుంది. ఈ రోజు ఊయలలో ఉన్న బిడ్డ ఆరో తరగతికి రావడానికి దాదాపు పదకొండేళ్ళు పడుతుంది. మంజూరు, టెండరు, కొండ మీదికి ఇసుక, సిమెంటు చేరడం, వీటన్నిటికీ ఆ గడువు చాలు. ముందుగా అడిగితేనే చాలు. జూన్‌లో అడిగితే చాలదు.

అడగడానికి చట్టం మన వైపే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న విద్యాహక్కు చట్టం ప్రకారం తన పరిధిలోని పద్నాలుగేళ్ళ లోపు పిల్లల వివరాలు నమోదు చేసి ఉంచడం స్థానిక సంస్థ బాధ్యత. ఒకటి నుంచి ఐదు వరకు కిలోమీటరు లోపల, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండాలి. మ్యాపు మీద కిలోమీటరే, మధ్యలో గెడ్డ పొంగితే అది పది కిలోమీటర్లతో సమానం. ఈ మాట మనమే కాదు, కేంద్రం ఇచ్చిన నిబంధనలూ ఒప్పుకున్నాయి. కొండ దారి, వరద, రోడ్డు లేకపోవడం వంటి ప్రమాదాలు ఉన్నచోట ఆ దూరం తగ్గించాలని, చిన్న గూడల పిల్లలకు రవాణా గాని వసతి గాని కల్పించాలని అందులో ఉంది. కాబట్టి హాస్టల్లో మంచం దయతో ఇచ్చేది కాదు.

ఇక మీ పని. ఒక్కో గూడకు ఇద్దరు పూనుకోండి, ఒక తమ్ముడు, ఒక చెల్లి. ఒక నోటుబుక్కు చాలు. ఇంటింటికీ వెళ్ళి సున్నా నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు వారి పేరు, పుట్టిన తేదీ, ఇంట్లో మాట్లాడే భాష, ఏ బడి, ఏ తరగతి అని రాయండి. భాష ఎందుకంటే, సవర మాత్రమే వచ్చిన బిడ్డకు ఆ భాష తెలిసిన పంతులు లేకపోతే బల్ల ఉన్నా చోటు లేనట్టే. పనికి వలసపోయిన ఇళ్ళనూ రాయండి. అంగన్‌వాడీ అక్క, ఆశా అక్క దగ్గరి రిజిస్టర్లతో సరిచూసుకోండి.

పుట్టిన బిడ్డను 21 రోజుల్లో నమోదు చేయించండి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్ళకు బడిలో చేరడం దగ్గర్నుంచి చాలా పనులకు ఆ ఒక్క సర్టిఫికెట్టే ఆధారం. అయితే వయసు కాగితం లేదని బిడ్డను బడిలో చేర్చుకోకుండా తిప్పి పంపకూడదని విద్యాహక్కు చట్టంలో ఉంది. అలా ఎవరైనా పంపితే ఆ మాట గుర్తుచేయండి.

మీ లెక్కను బడి యాజమాన్య కమిటీ ముందు పెట్టండి. కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది వాళ్ళే. గ్రామసభలో చదివించి, తీర్మానం చేయించి, ఐటీడీఏకు ఒక ప్రతి ఇచ్చి రసీదు తీసుకోండి. రాబోయే జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. లెక్కించడానికి వచ్చినవాళ్ళకు దారి చూపించండి. చివరి గూడలో చివరి ఇల్లు కూడా తప్పిపోకూడదు.

ఒక జాగ్రత్త. లెక్క పెంచి రాయకండి. ఒక గూడలో పిల్లలు తగ్గితే తగ్గారనే రాయండి. ఒక్క దొంగ అంకె దొరికితే మిగతా నిజం అంకెలన్నీ చెల్లకుండా పోతాయి.

మీ లెక్కలు పట్టుకుని మా హాస్టల్‌కి రండి. మా రిజిస్టర్లు మీ ముందు పెడతాం, కలిసి కూడదాం. ఆ తండ్రికి ఆ రోజు మేము ఇవ్వలేని జవాబు, వచ్చే ఆడపిల్ల తండ్రికి మనందరం కలిసి ఇవ్వాలి.

సెలవు. జై ఆదివాసీ!