పలక తయారుచేద్దామా, పలక కొని పని చేద్దామా?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో జీవనోపాధుల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మా ముందుకు ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న ఒకటే. "ఫింగర్ జాయింట్ బోర్డులు తయారుచేసే యూనిట్ పెట్టుకుంటాం, అప్పు ఇప్పిస్తారా?" అని. అడగడంలో తప్పేమీ లేదు. సామిల్లులో మిగిలిన ముక్క చెక్క పొయ్యిలోకి పోతోంది. అలాంటి ముక్కలే అతికిస్తే బోర్డవుతుంది, బోర్డుకు బజార్లో ధర ఉంది. ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ అప్పు తీసుకునేది పదిమందే అయినా పూచీ సంఘమంతటిదీ. అందుకని ఆ బోర్డు ఎట్లా తయారవుతుందో, అందులో మన చేతికి అందే పని ఎంతో ముందు అందరం తెలుసుకుందాం.

అసలు ఈ పలక ఏమిటి?

మీ రెండు చేతుల వేళ్ళూ ఒకదాని సందుల్లోకి ఒకటి దూర్చి చూడండి. ఫింగర్ జాయింట్ అంటే అదే. పొట్టి చెక్కముక్కల కొసలను పళ్ళలా కోసి, జిగురు రాసి, ఒకదాంట్లోకి ఒకటి నొక్కుతారు. పొడవాటి బద్దీ తయారవుతుంది. ఆ బద్దీలను పక్కపక్కన పేర్చి, మళ్ళీ జిగురుతో బిగించి, చిత్రిక పట్టి, గీరితే 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు పలక వస్తుంది. ఇది ప్లైవుడ్ కాదు, రంపపు పొట్టు నొక్కి చేసిన బోర్డు కాదు. పైనుంచి కింద దాకా నిజమైన కర్ర.

పళ్ళు ఎందుకు కోయాలి, కొసలు తిన్నగా కోసి అతికిస్తే పోదా అని అడగవచ్చు. నిలవదు. కర్రలో పోగులన్నీ నిలువుగా సన్నటి గొట్టాల్లా ఉంటాయి. కొస దగ్గర వాటి నోళ్ళు తెరుచుకుని జిగురును తాగేస్తాయి. అదే కొసను ఏటవాలు పళ్ళుగా కోస్తే జిగురు పట్టే జాగా ఎన్నో రెట్లు పెరుగుతుంది, అదీ పోగుల పక్కభాగం మీద. ఆ పట్టే ఈ పలకకు ప్రాణం.

మన దేశంలో ఈ పలకలకు ఎక్కువగా వాడేది రబ్బరు కర్ర. కేరళలో తోటలు ఎక్కువ, మన మారేడుమిల్లి వైపు కూడా ఉన్నాయి. పాతిక ముప్పై ఏళ్ళకు చెట్టు పాలు తగ్గిపోతే కొట్టేసి కొత్త మొక్క పెడతారు. అలా వచ్చిన కర్రే ఇది. టేకుకు, తుమ్మకు ఉన్నట్టు దీనికి విడిగా కనబడే చేవ లేదు. పైగా పిండిపదార్థం ఎక్కువ. పురుగుకూ బూజుకూ విందుభోజనం. అందుకని చెట్టు కొట్టిన కొద్దిరోజుల్లోనే కోసి, బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళను ఒత్తిడితో లోపలికి ఎక్కించాలి. తరువాత వేడిగదిలో ఆరబెట్టాలి. పచ్చి రబ్బరు కర్రలో, ఎండు కర్ర బరువులో సగానికి పైగా నీళ్ళే ఉంటాయి. అది 8 నుంచి 12 శాతానికి దిగాలి. పైపైన ఆరి లోపల తడిగా ఉన్న ముక్కను అతికిస్తే, తరువాత అది ఆరుతూ కుంచించుకుపోతుంది. అతుకు నోరు తెరుస్తుంది.

ఇక్కడే మన ప్రశ్నకు జవాబుంది. ముక్కలు దొరకడం ఒక్కటే చాలదు. ఒకే రకం కర్ర, ఒకే తీరున ఆరిన కర్ర, ఏడాది పొడవునా దొరకాలి. మన సామిల్లుల్లో మిగిలేది వేప ఒక ముక్క, మామిడి ఒక ముక్క, తుమ్మ ఒక ముక్క. ఒక్కో కర్ర ఒక్కో తీరున ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. అన్నీ కలిపి ఒకే పలకలో బిగిస్తే అవి ఒకదాన్నొకటి లాగుకుంటాయి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, కోసిన వెంటనే అతికించకపోతే జిగురు సరిగా పట్టదు.

యంత్రాల సంగతి చూస్తే, మందు ఎక్కించే ట్యాంకు, రాత్రీ పగలూ నడిచే వేడిగది, నాలుగు వైపులా చిత్రిక పట్టే మిషను, పళ్ళు కోసే మిషను, నొక్కే ప్రెస్సులు రెండు, గీరే మిషను కావాలి. ఇవన్నీ ఒక వరస. ముందు మిషను సరుకు ఇవ్వకపోతే వెనక మిషను ఖాళీగా నిలబడుతుంది. మిషను ఖాళీగా ఉన్నా వాయిదా ఆగదు. సబ్సిడీ పెట్టుబడిని కొంత తగ్గిస్తుందేమో గానీ, వేడిగదిలోకి కర్రను మాత్రం తేలేదు.

కొనేటప్పుడు మన పంచసూత్రాలు

సంఘానికి పంచసూత్రాలు ఉన్నట్టే పలక కొనడానికీ ఐదు పెట్టుకుందాం.

ఒకటి, తేమ. రెండు సూదుల తేమ మీటరు ఒకటి సమాఖ్య కొని పెడితే అన్ని గ్రామ సంఘాలకూ పనికొస్తుంది. మీటరు లేకపోతే చిన్న ముక్క కోసి వంటింటి త్రాసులో తూచి, ఓవెన్‌లో 100 డిగ్రీలు దాటిన వేడిలో బరువు ఇక తగ్గని దాకా ఆరబెట్టండి. 112 గ్రాములది 100 గ్రాములకు వచ్చి ఆగితే తేమ 12 శాతం.

రెండు, అతుకు. పళ్ళ మధ్య గోరు దూరకూడదు, నల్లటి సందు కనబడకూడదు.

మూడు, జిగురు. బిల్లు మీద డీ3 అని రాయించుకోండి. అప్పుడప్పుడు తడి తగిలినా ఓర్చుకునే రకం అది.

నాలుగు, మందు. బోరాన్ మందు ఎక్కించినదేనా అని అడగండి. సన్నటి రంధ్రాలు, కింద పిండిలా రాలిన పొడి కనబడితే పుచ్చు పట్టిందని అర్థం. ఆ సరుకు ముట్టుకోవద్దు.

ఐదు, తీరు. పలకను నేలమీద బల్లపరుపుగా పెట్టి నాలుగు మూలలూ నొక్కి చూడండి. ఊగితే వంకర ఉన్నట్టే. ఒక వైపు శుభ్రంగా, ఇంకో వైపు మచ్చలతో ఉండే రకం తక్కువకు వస్తుంది. కింది వైపు కనబడని బల్లలకు అదే చాలు.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

అంగన్వాడీ బల్లలు, పుస్తకాల అరలు, కుట్టుమిషను బల్ల పైభాగం, కిరాణా కొట్టు ర్యాకులు, మంచం తలవైపు పలక - వీటికి దివ్యంగా ఉంటుంది. స్క్రూ గట్టిగా పట్టుకుంటుంది, అంచుకు పట్టీ అతికించే పని లేదు, గీతపడితే గీరి మళ్ళీ పాలిష్ పెట్టుకోవచ్చు. వానకు తడిసే వీధి తలుపుకు, స్నానాల గదికి, ఆరుబయట బెంచీకి వద్దు. నీళ్ళు తగులుతూ ఉంటే బోరాన్ మందు కరిగి వెళ్ళిపోతుంది, జిగురూ ఓర్చుకోదు.

ఇంకొక సంగతి. వానాకాలంలో మన ఇంటి తలుపు ఉబ్బి పట్టేయడం మనందరికీ తెలుసు. ఈ పలకా కర్రే కాబట్టి వెడల్పులో ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది. పొడవులో దాదాపు మారదు. అందుకే బల్లపైన పలకను ఫ్రేముకు జిగురుతో అతికించేయకూడదు. స్క్రూ కన్నాలు కోలగా చేయించాలి. పాలిష్ పైనా కిందా సమానంగా పూయాలి. పైన మాత్రమే పూస్తే ఒకవైపే తేమ పీల్చి పలక దోనెలా వంగుతుంది.

కొలతలో ఒక జాగ్రత్త. 2440 మిల్లీమీటర్ల పలకలో 610 చొప్పున నాలుగు బల్లలు వస్తాయని ఒప్పుకుంటే, నాలుగోది పొట్టి అవుతుంది. ఒక్కో కోతకు రంపం 3 మిల్లీమీటర్లు తింటుందనుకోండి, మూడు కోతలకు 9 పోతాయి. ఆర్డరు రాసుకునేటప్పుడే 605 అని రాయండి.

ఇక చెక్కపొడి. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దమ్మా. కర్రపొడి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చి చెప్పింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు కావాలి. పొడి పీల్చే గొట్టం మిషనుకు ఉండాలి. తిరిగే బ్లేడు దగ్గర కొంగు, జడ, గాజులు, చేతి తొడుగులు ఏవీ వేలాడకూడదు. ఈ ఏర్పాటు లేని షెడ్డుకు మన పిల్లలను పంపొద్దు.

మా సిఫారసు

ఒక సంఘమో, ఒక గ్రామ సంఘమో పలకల తయారీ యూనిట్‌కు ఇప్పుడు అప్పు తీసుకోవడం మంచిది కాదని మా ఉపసంఘం అభిప్రాయం. ఆరిన కర్ర ఏడాదంతా ఇస్తామని రాతపూర్వకంగా ఒప్పందం, నలుగురూ కలిసి వాడుకునే వేడిగది - ఈ రెండూ కుదిరిన రోజు మళ్ళీ మాట్లాడుకుందాం.

పలక కొని సామాను చేసే పనికి మాత్రం మేము సిఫారసు చేస్తాం. దీనికి కోత మిషను, డ్రిల్లు, గీరే మిషను, క్లాంపులు, వడ్రంగి పని తెలిసిన ఒక మనిషి చాలు. గీరడం, పాలిష్, బిగింపు, లెక్క, అమ్మకం మన సభ్యులే నేర్చుకుని చేయగలరు. షరతు ఒక్కటే. ఆర్డరు చేతిలో ఉన్నంత మేరకే పలక కొనాలి. నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా, 2 లక్షల సరుకు గోడకు ఆనించి ఉంచితే నెలకు 2,000 రూపాయలు కూర్చుని తింటుంది. ధర చెప్పేముందు పలక, తరుగు, వడ్రంగి కూలి, మన కూలి, కరెంటు, రవాణా, వడ్డీ - ఏడూ రాసుకోండి. మన కూలి వేసుకోకుండా వచ్చింది లాభం కాదు.

ఈ సిఫారసు మీద నిర్ణయం మీదే. మీ గ్రామ సంఘం సమావేశంలో దీన్ని చదివి, చర్చించి, తీర్మానం పుస్తకంలో రాసి పంపండి. తయారీకే వెళ్ళాలని ఎవరికైనా గట్టిగా ఉంటే కర్ర ఎక్కణ్ణుంచి వస్తుందో, ఎవరు ఆరబెడతారో కూడా అందులో రాయండి. ఆ రెండు గడులూ నిండితే మేమే ముందుండి బ్యాంకుకు వస్తాం.