సైబరాబాద్ చుట్టుపక్కల చరిత్ర

ఎవరి స్మృత్యర్థం ఈ ఉపన్యాసం జరుగుతోందో, ఆ మాస్టారు చరిత్ర పాఠాన్ని తరగతి గదిలో మొదలుపెట్టి ఊరి బయట ముగించేవారు. ఏ కట్టడం ముందు నిలబెట్టినా ఒక్కటే అడిగేవారు: ఇది ఎవరి అవసరం తీర్చడానికి కట్టారు? హైటెక్ సిటీలో బతుకుతున్న మీ ముందు ఆ ప్రశ్నే పెడుతున్నాను.

మన దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చింది. 2020లో తీగల వంతెన ప్రారంభమయ్యాక జనం వంతెన చూడటానికి వస్తున్నారు, చెరువు కథ అడిగేవారు తక్కువ. షేక్‌పేట సరాయి కుతుబ్ షాహీల కాలపు బాటసారుల బస. కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలోని బడీ బావ్లీ అనే మెట్లబావి గోడ 2013 వానలకు కూలింది. ఆగా ఖాన్ ట్రస్టు చేపట్టిన పనితో మళ్లీ లేచింది. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది. పట్టుదల ఉంటే కూలినదాన్ని నిలబెట్టవచ్చని మన కళ్లముందే రుజువైంది.

పాత చర్చిల సంగతి వేరు. సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ (1813), బొల్లారం హోలీ ట్రినిటీ (1847) కంటోన్మెంటు కోసం, బ్రిటిష్ సైన్యం ఆరాధన కోసం వెలిసినవి. అందమైనవే, చూడదగ్గవే. కానీ నా మనసు దోచుకున్నది మెదక్ చర్చి.

వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో దాని పని మొదలుపెట్టించారు. కరువు రోజులు. పొలంలో పని లేదు, ఇంట్లో గింజ లేదు. ఊరికే పెట్టిన అన్నం కన్నా కష్టానికి దక్కిన అన్నం మనిషి తలెత్తుకునేలా చేస్తుందని ఆయన నమ్మి ఉంటారు. పని చేసినవారికి తిండి దొరికింది. రాళ్లెత్తిన ఆ కూలీల పేర్లు మనకు తెలియవు. పదేళ్ల తర్వాత, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. సుమారు 175 అడుగుల గంటగోపురం, 200 అడుగుల పొడవైన ఆరాధన మందిరం! లోపల ఫ్రాంక్ ఓ. సాలిస్బరీ గీసిన రంగుటద్దాల కిటికీలు మూడు: క్రీస్తు ఆరోహణం (1927), జననం (1947), శిలువ (1958). పగటివెలుగు వాటి గుండా పడుతున్నప్పుడు చూడాలి, రాత్రి ఆ అందం తెలియదు. ఊళ్లోనే కాకతీయుల నాటి కోట కూడా ఉంది.

మన ఐటీ కారిడార్ నుంచి మెదక్ సుమారు 100 కిలోమీటర్లు. యూరప్ చర్చిల ముందు ఫోటోలు దిగి వచ్చేవారు ఈ దారి పట్టకపోవడం నాకు బాధగా ఉంటుంది. మెదక్ చర్చిలో క్రిస్మస్‌కు జనం కిక్కిరిసిపోతారు. మామూలు రోజున పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. ఆరాధన జరుగుతుంటే ఫోన్లు కట్టేసి వెనక వరసలో కూర్చోండి. తర్వాత అక్కడి పెద్దల్ని అడగండి, మీ తాతలెవరైనా ఈ రాళ్లు మోశారా అని. వాళ్లు చెప్పింది రాసి భద్రపరచండి.